పన్నెండడుగుల కాపురం

పదకొండేళ్లపాటు నేను నా భార్యతో మాట్లాడిన ప్రతి మాటా మా వీధి మొత్తం విన్నది. కాపురం గుట్టుగా చేసుకోవాలని పెద్దలంటారు. మాకు ఆ యోగం లేకపోయింది. రత్న ఇంటి వసారాలో కూర్చునేది. నేను వాకిట్లో రేకుల పందిరి కింద కూర్చునేవాణ్ణి. మధ్యలో పన్నెండడుగులు. అంతకంటే ఒక్క అడుగు ముందుకు వేసినా ఆమెకు గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి. ఇంకో రెండడుగులు వేస్తే ఆటో మాట్లాడుకుని ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

అది కూడా గాలివాటం చూసుకునే కూర్చోవాలి. గాలి నా వైపు నుంచి ఆమె వైపు తిరిగిందంటే నా పళ్లెం చేతబట్టుకుని వీధిలోకి పోయేవాణ్ణి. పప్పులో ఉప్పెక్కువైందని నేనక్కడినుంచి అరిస్తే, ఎదురింటి జయక్క గడపలో నిలబడి "నిన్న కూడా అదే అంటివి గదప్పా" అని అందుకునేది. ఒకసారి పండగనాడు ఉండబట్టలేక "రత్నా, ఆ పచ్చచీరలో బాగుండావే" అని గట్టిగా అన్నాను. నాలుగిళ్ల ఆడవాళ్లు బయటికొచ్చి ఆ చీర చూసిపోయారు. ఆ తర్వాత అలాంటి మాటలు మనసులోనే మింగడం నేర్చుకున్నాను. మింగినవి అరగలేదు, అది వేరే సంగతి.

నా పేరు అశ్వర్థ. హిందూపురం పక్కన పట్టుపురుగుల గుడ్లు తయారుచేసే కేంద్రంలో నాది జంటలు విడదీసే పని. వినడానికి పాపిష్ఠి పనిలా ఉంటుంది గానీ చాలా నేర్పు కావాలి. గూళ్లు కొరుక్కుని తెల్లటి రెక్కల పురుగులు బయటికొస్తాయి. వాటిని మేం చిలకలంటాం. ఆడదీ మగదీ జత కడతాయి. మూడున్నర గంటలు కాగానే ఒక్కో జంటనూ రెండు వేళ్లతో పట్టి, నొప్పి తెలియకుండా పక్కకు తిప్పి, విడదీయాలి. ఆడదాన్ని అట్టమీద వేస్తే గుడ్లు పెడుతుంది. మగదాన్ని ఇంకో జతకోసం చల్లటి పెట్టెలో దాస్తాం. రోజుకు రెండువేల జంటలకు తక్కువ కాకుండా విడదీసేవాణ్ణి. రత్నకు జబ్బు చేశాక జయక్క ఒకటే మాట అంది. "ఆ చిలకల ఉసురే తగిలింది మీకు." నేను నవ్వేశాను గానీ, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట తలచుకోకుండా ఉండలేకపోయేవాణ్ణి.

రత్న కూడా అక్కడే పనిచేసేది. గుడ్లు పెట్టిన తల్లి చిలకను నూరి, ఆ చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, రోగం ఉందో లేదో చెప్పేది. ఆమె కన్ను తప్పిందని ఎవరూ అనలేదు. పనిలో కలిసి తిరిగిన అలవాటుకొద్దీ పెళ్లయ్యాక కూడా నన్ను నువ్వనే అనేది. మా అమ్మకది నచ్చలేదు, నాకు నచ్చింది.

తప్పు నాదే. చిలకల రెక్కలనుంచి తెల్లటి పొడి రాలుతుంది. గాలిలో, బట్టల్లో, కనురెప్పల్లో అంతా అదే. గుడ్లు పెట్టే మూడు రోజులూ తలకు చుట్టిన తువ్వాలు ఉతకకూడదని మావాళ్ల నమ్మకం. ఉతికితే గుడ్లు తగ్గిపోతాయట. ఉతికి చూసినవాడెవడూ లేడు, నమ్మనివాడూ లేడు. నేను ఆ తువ్వాలును అలాగే ఇంటికి తెచ్చి మంచం తలవైపు వేలాడదీసేవాణ్ణి. రత్న దాన్నే మడిచి తలకింద పెట్టుకునేది. ఐదేళ్లు అలా పడుకుంది. ఐదో ఏడు ఆయాసం మొదలైంది.

ఆమె పని మానేసింది, తగ్గలేదు. డాక్టర్లు రోజుకు నాలుగుసార్లు పీల్చే మందొకటి ఇచ్చారు. పడని వస్తువు ఎదురయ్యేముందే పీల్చాలి, ఆయాసం వచ్చేశాక పీల్చినా లాభం లేదు. దానితో చిలకల పొడి కొంత ఓర్చుకోగలిగింది. నన్ను మాత్రం ఓర్చుకోలేకపోయింది. నేనూ పని మానేసి రెండేళ్లు టెంకాయల మండీలో చేశాను. గుండు కొట్టించుకున్నాను, పాతబట్టలన్నీ తగలబెట్టాను. అయినా నేను పక్కన కూర్చుంటే పిల్లికూతలే. పట్నం డాక్టరొకాయన "ఇది మనసు జబ్బమ్మా, మీ ఇద్దరికీ ఏమైనా గొడవలున్నాయా" అని అడిగాడు. "గొడవ పడల్లంటే ముందు దగ్గరికి రావల్ల గద సార్" అంది రత్న. ఇక లాభం లేదని నేను మళ్లీ చిలకల పనికే పోయాను.

షమీమ్ మేడం మా జీవితాల్లోకి వచ్చింది మా అరుపుల వల్లే. ఆమెది కదిరి. అనంతపురంలో శ్వాసరోగాల పరిశోధనశాల నడుపుతుంది. చిలకల పొడి సేకరించడానికి మా కేంద్రానికి వచ్చి, తిరిగిపోతూ మా వీధిలో జీపాపింది. మొగుడు వాకిట్లోంచీ పెళ్లాం వసారాలోంచీ గొర్రెల రేటు గురించి అరుచుకుంటుంటే వింత అనిపించిందట. కాసేపు నిలబడి విని, గేటు తీసుకుని లోపలికొచ్చి, సంగతేమిటని అడిగింది. మేం చెప్పినదానికి ఆమె నవ్వలేదు. పదకొండేళ్లలో నవ్వకుండా విన్నది ఆమె ఒక్కతే.

రెండు నెలల తర్వాత పరిశోధనశాలలో రత్న కళ్లకు గంతలు కట్టి ఏడు గాజు సీసాలు వరుసగా ముందు పెట్టారు. ఒక్కోదానిలో ఒక్కో మగవాడు వాడిన తువ్వాలు, వాటిలో ఒకటి నాది. మేడం చెప్పినట్టే నేను సెలవు పెట్టి అప్పటికి నెలన్నర అయింది, నా తువ్వాలు చిలకల మొహం ఎరగదు. నేను అద్దానికి ఇవతల నిలబడి చూస్తున్నాను. మూడు సీసాలకు ఏమీ కాలేదు. నాలుగోది మూత తీయగానే రత్న చెయ్యి ఛాతీ మీదికి పోయింది. ఊపిరి అందడం లేదు, మొహంలో మాత్రం చిన్న నవ్వు. "ఇది మా ఆయనది" అంది రొప్పుతూ. మేడం వెంటనే మూత పెట్టేసింది.

తర్వాత ఆమె రత్న ముక్కులోంచి గీకి తీసిన కణాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి "నువ్వే చూడమ్మా, నీకు చేతనైన పనే గదా" అంది. రత్న చాలా ఏళ్లకు మళ్లీ ఆ గాజులోకి తొంగిచూసింది. గుండ్రటి కణాలు, కడుపునిండా గింజల్లాంటి చుక్కలు. చిలకల పొడి కలిపిన నీళ్లు ఒక చుక్క వేస్తే, మూట చినిగి జొన్నలు కారినట్టు చుక్కలన్నీ బయటికి కారిపోయాయి. ఇంకో గాజుపలక మీద నా తువ్వాలు నానబెట్టిన నీళ్లు వేశారు. అవీ కారిపోయాయి.

"వీటిని మాస్ట్ కణాలంటారు" అంది మేడం. "ముక్కులో, ఊపిరితిత్తుల్లో కాపలా కాస్తుంటాయి. పడనిది వస్తే ఇట్లా మూటలిప్పి ఆయాసం పుట్టిస్తాయి. మీ ఆయన చెమటా చిలకల పొడీ ఐదేళ్లు కలిసే వచ్చినాయి. రెండూ ఒకటే అనుకున్నాయివి."

"అంటే మా ఆయన్ను నా ఒళ్లు దొంగనుకుంటాందా?"

"అదేనమ్మా."

"వాయమ్మో" అని నా వైపు చూసి పకపకా నవ్వింది రత్న. నవ్వుతుంటే దగ్గు. నేను మూడడుగులు వెనక్కి జరిగాను.

పీల్చే మందు ఈ మూటలను గట్టిగా బిగించలేదు, కొన్ని గంటలకే పట్టు వదిలేస్తుంది. షమీమ్ మేడం కనిపెట్టినదేమిటంటే బియ్యపుగింజంత మందుబిళ్ల. మోచేతి పైన చర్మం కింద పెడితే ఆరునెలలపాటు ఒంట్లో ప్రతి మాస్ట్ కణం మూటనూ బిగబట్టి ఉంచుతుంది. ముప్పైమందికి పెట్టి చూస్తున్నారు. రత్న ముప్పై ఒకటో మనిషి. కాగితాలన్నీ చదివి వినిపించారు. తలనొప్పి రావచ్చు, నోరు ఎండిపోవచ్చు అని రాశారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తోచలేదు.

గింజ పట్టు చిక్కడానికి పదిహేను రోజులన్నారు. పదహారో రోజు పొద్దున నేను పందిరి కిందనుంచి లేచాను.  రత్న వసారాలో పొయ్యి ముందు కూర్చుని రాగిసంగటి కెలుకుతోంది. ఒక్కో అడుగూ వేసి, ఆగి, ఆమె ఊపిరి వింటూ పోయాను. ఆరడుగులు. ఎనిమిది. పది. జయక్క తన గడపలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను వెళ్లి రత్న పక్కన నేలమీద కూర్చున్నాను. మోకాలు మోకాలికి తగిలింది. ఏమీ కాలేదు! పొయ్యి శబ్దం, ఆమె గాజుల శబ్దం, అంతే. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. "ఏందిది, సంగట్లో ఉప్పు ఎక్కువైతాది" అని కొంగుతో నా మొహం తుడిచింది. ఆ కొంగుకు పొగ వాసన. పదకొండేళ్లలో ఆమె చీర వాసన నేను మరిచిపోయానని అప్పుడే తెలిసింది.

ఆ నెల మా ఇంటినుంచి వీధిలోకి ఒక్క మాట పోలేదు. జయక్క "మీ ఇంట్లో ఎవురూ లేరేమో అనుకుంటి" అని దెప్పింది. రత్న మెట్లెక్కింది, నీళ్లు మోసింది, పండగ సంతకు నడిచిపోయింది. ఆమె ఒళ్లు కాస్త తేరుకుని మొహం నిండుగా అయింది. నేను ఎప్పుడూ పక్కనే ఉండేవాణ్ణి. ఇంట్లో ఈగలా తిరుగుతున్నావని విసుక్కునేది.

రెండో నెలలో చిన్న సంగతి ఒకటి గమనించాను. అంతకుముందు నేను వీధి మలుపు తిరగకముందే ఆమెకు తెలిసిపోయేది. ఛాతీలో పట్టేసేదట. వంటింట్లోంచే నాకోసం నీళ్లచెంబు తెచ్చి వసారా మెట్టుమీద పెట్టి వెనక్కి జరిగేది. ఇప్పుడు నేను వెనక వచ్చి నిలబడినా తెలియడం లేదు. "అబ్బా, ఎవురో అనుకుంటి" అని ఉలిక్కిపడేది. దగ్గరున్నవాణ్ణి కొత్తగా కనిపెట్టడమెందుకులే అని సర్దిచెప్పుకున్నాను.

రైతులకు గుడ్ల అట్టలు పంచడానికి నన్నప్పుడప్పుడు ఊళ్లమీద పంపేవారు. పాతరోజుల్లో నేను మూడు దినాలు పోతే మూడోనాడు ఫోను వచ్చేది. "ఊపిరి మరీ తేలిగ్గా ఆడతాంది. నిద్ర పట్టలా. బిన్నా రా, ఆలస్యం చేయాకు" అనేది. నేను లేకుంటే హాయిగా ఊపిరి తీసుకోగలిగిన మనిషి, ఆ హాయి వద్దని ఫోను చేసేది! ఆ ఫోనుకోసమే నేను ఒకటి రెండు రోజులు ఎక్కువ తిరిగిన సందర్భాలున్నాయి. ఒప్పుకుంటున్నాను.

గింజ పెట్టాక నాలుగో నెలలో మడకశిర పక్కకు ఐదు దినాలు పోయాను. కావాలనే ఫోను చేయలేదు. ఆమె చేస్తుందని చూశాను. రాత్రుళ్లు ఫోను తలకింద పెట్టుకుని పడుకున్నాను, ఆ వయసులో! ఐదోనాడు ఇంటికొస్తే రత్న వసారాలో జయక్కతో నవ్వుతూ చింతపండు గింజలు తీస్తోంది. "వస్తివా, కాళ్లు కడుక్కో, సంగటి వేడిగా ఉండాది" అంది. ప్రేమగానే అంది. అదే నాకు మింగుడుపడలేదు.

జయక్క పోయాక అడిగాను. "ఐదు దినాలాయ. ఏమైనాడో అనిపించలేదా నీకు?"

రత్న ఆలోచించింది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు, సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాళ్లకు ఆ అలవాటు రాదు. "లేదబ్బా" అంది. "వస్తావులే అనుకుంటి. అంతే."

ఐదో నెలలో షమీమ్ మేడం మళ్లీ పిలిచింది. మళ్లీ ఏడు సీసాలు, కళ్లకు గంతలు. రత్న ఏడూ వాసన చూసింది. ఊపిరి సాఫీగా ఉంది. "మీ ఆయనది ఏదో చెప్పమ్మా" అంటే తల అడ్డంగా ఊపింది. "అన్నీ ఒకటే మాదిరి ఉండాయి మేడం." అద్దానికి ఇవతల నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

మేడం మా ఇద్దరినీ తన గదిలోకి పిలిచింది. గింజ పెట్టిన ముప్పైమందిలో పెనుకొండ దగ్గరి రైతు ఒకడికి తన బర్రె పక్కకు పోతేనే ఆయాసమట. మొహానికి గుడ్డ కట్టుకుని మరీ దాన్ని తోమేవాడు. గింజ పెట్టాక దాన్ని సంతలో అమ్మేసి వెనక్కి తిరిగైనా చూడకుండా వచ్చేశాడట. అతని కొడుకు వచ్చి చెప్పాడు. "అప్పుడు నాకు అనుమానమొచ్చింది" అంది మేడం. "ఈ కణాలు మెదడులో కూడా కొన్ని ఉంటాయి, పిడికెడు. ఎవరికోసమైనా ఎదురుచూసేటప్పుడు, తపించేటప్పుడు అవి మూటలిప్పుతాయి. నా గింజ వాటిని కూడా బిగించేసింది. ఊపిరికి తాళం వేయాల్సిన చోట ఇంకోదానికీ తాళం వేశాను. తప్పు నాదే."

"గింజ తీసేస్తే?" అన్నాను.

"ఇంకో నెలకు అదే కరిగిపోతుంది. అంతా మొదటికొస్తుంది, ఆయాసం కూడా. రెండో గింజ మాత్రం కరగని రకం, పెడితే జీవితాంతం ఉంటుంది, తీయడానికి వీలుండదు." ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మా అమ్మ ఆయాసంతోనే పోయింది. నన్నడిగితే ఊపిరే గొప్పదంటాను. కానీ నన్ను అడక్కూడదు. ఇద్దరూ ఆలోచించుకుని రండి."

ఆ నెలంతా మేం ఆలోచించామని చెప్పలేను. నేను ఆలోచించాను. రత్న తన పనులు తాను చేసుకుంది. ఒకనాడు మధ్యాహ్నం అన్నం తింటూ నేనే కదిలించాను.

"నీకేమనిపిస్తాంది రత్నా?"

"నాకా? నీమీద కోపం లేదు. నువ్వంటే ఇష్టం లేదనీ కాదు. పక్కన కూచుంటే బాగనే ఉంటాది. లేచిపోతే కూడా బాగనే ఉంటాది." నా పళ్లెంలో ఇంకో ముద్ద వేసింది. "అప్పట్ల నువ్వు పందిట్లో కూచోనుంటే నాకు గుండె పీకేది, అది గుర్తుంది. ఎట్ల పీకేదో గుర్తులేదు."

నేను ఆ ముద్ద విరిచాను.

"ఒకటడుగుతా చెప్పు" అంది. "నేను రొప్పుతా ఉంటేనే నీకు బాగుండేదా?"

పదకొండేళ్లలో వీధంతా వినేలా ఎన్ని తిట్లు తిట్టుకున్నామో. ఏ మాటా ఇంత గట్టిగా తగల్లేదు. అవునంటే నాకంటే పాపాత్ముడు లేడు. కాదంటే అబద్ధం. ముద్ద చేతిలోనే ఆరిపోయింది.

"నువ్వెట్ల చెప్తే అట్లనే చేస్తాం" అంది రత్న పళ్లేలు ఎత్తుతూ. "నాకేదైనా ఒకటే."

అనంతపురం పోయే రోజు తెల్లవారేసరికి నేనొక నిర్ణయానికి వచ్చేశాను. రెండో గింజ వద్దని చెప్పాలి. తల తిరుగుతోందట, అన్నం సయించడం లేదట అని రెండు అబద్ధాలు కూడా సిద్ధం చేసుకున్నాను. నేను వద్దంటే రత్న కాదనదు. మళ్లీ ఆయాసం వస్తుంది, రానీ. చూసుకుంటాను. ఆటో మాట్లాడతాను, మందులు తెస్తాను, దూరంగానే కూర్చుంటాను. నా ఫోను మోగాలి. అంతకుమించి నాకేమీ వద్దు. పరిశోధనశాల దాకా దారిపొడుగునా ఆ అబద్ధాలనే వల్లెవేసుకున్నాను.

ఆ రోజు లిఫ్టు చెడిపోయింది. మేడం గది రెండో అంతస్తులో. నేను రాత్రి నిద్రలేక మెల్లగా ఎక్కుతున్నాను. రత్న నన్ను దాటుకుని చకచకా ఎక్కిపోయింది. సగంలో ఒక ముసలావిడ రెయిలింగు పట్టుకుని రొప్పుతూ నిలబడి ఉంది. ఆమెకూ రత్నలాంటి జబ్బే, పెదవులు నల్లబడ్డాయి. రత్న ఆగి ఆమె సంచి తీసుకుంది. "నాదీ ఇట్లనే ఉండేదమ్మా, మెల్లగా రా, ఏం తొందరలేదు" అని నడుం చుట్టూ చెయ్యి వేసి, ఆమెను సగం మోస్తూ పైదాకా తీసుకుపోయింది. పైన నిలబడి కిందికి చూసి "ఏమబ్బా, నువ్వు ముసిలోడివి అయిపోతివే" అని నవ్వింది. పూర్తి గొంతుతో, మధ్యలో ఎక్కడా తెగని నవ్వు. అంత నవ్వు ఆమెలో ఉందని నేను మరిచేపోయాను. పాతికేళ్ల వయసులో, కేంద్రంలో, ఆ నవ్వు విని రెండు జంటలను చేతిలోనే నలిపేసిన వెధవను నేను.

మెట్టుమీదే కూర్చుండిపోయాను కాసేపు.

గదిలో షమీమ్ మేడం అడిగింది. "గింజతో ఏమైనా ఇబ్బందులున్నాయా?"

రత్న నా వైపు చూసింది. ఏమీ అడగని చూపు.

"ఏ ఇబ్బందీ లేదు మేడం" అన్నాను. "పెట్టండి."

మేడం రత్న వైపు కుర్చీ తిప్పుకుంది. తర్వాత రత్నకు మళ్లీ అంతా విడమర్చి చెప్పి, కాగితం ఇచ్చింది. ఈసారి కాగితంలో కొత్తవాక్యం ఒకటి చేర్చారు, మనుషుల మీద తపన తగ్గిపోవచ్చని. రత్న దాన్ని గట్టిగా చదివి, సంతకం పెట్టి, పెన్ను మూత బిగించి ఇచ్చింది. సూది గుచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. నొప్పికి పట్టుకుంది, నాకు తెలుసు. అయినా అది పదకొండేళ్లు నేను ఎదురుచూసిన చెయ్యి. వదిలేదాకా పట్టుకున్నాను.

సాయంత్రం, హిందూపురం దాటి గౌరిబిదనూరు దాకా పోయే బస్సులో రత్న కిటికీ పక్కన కూర్చుంది. పెనుకొండ రాకముందే నిద్రపోయింది. తల నా భుజంమీదికి వాలింది. ఆ సీట్లో నాకు బదులు ఎవరు కూర్చున్నా వాళ్లమీదికే వాలేది. ఊపిరి చెవిపక్కనే, ఒక్క పిల్లికూత లేకుండా, పసిపిల్ల ఊపిరిలా ఉంది. వింటూ కూర్చున్నాను. చెయ్యి తిమ్మిరెక్కి బండబారింది. కదపలేదు. నాకు ఆమెమీద బెంగగా ఉంది. నా భుజంమీదే ఉన్న మనిషిమీద బెంగ. ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారు, వీధిలో అరిచి చెప్పే మాట అసలే కాదు.

హిందూపురం వచ్చింది. దీపాలు వెలిగాయి, జనం సంచులు దింపుకుంటూ తోసుకుంటున్నారు. కండక్టరు మా సీటు దగ్గరికొచ్చాడు.

"అన్నా, మీరు ఈడనే గదా దిగల్ల?"

"మెల్లగా మాట్లాడప్పా" అన్నాను, కుడిచేత్తోనే జేబు తడుముకుంటూ. "గౌరిబిదనూరుకు రెండియ్యి."